గల్లీ దాటేదాకా

కామారెడ్డిలో మేముంటున్న కాలనీలో ఈ మధ్య ఒక ఇంటి గేటుకు నీలం నీళ్ళ సీసా వేలాడింది. వారం తిరిగేసరికి వీధి వీధంతా సీసాలే. ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోసి, బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి ఇంటి ముందు కడితే కుక్కలు ఆ దరిదాపులకు రావట. ఎవరు కనిపెట్టారో, ఏ కుక్కను అడిగి కనిపెట్టారో తెలియదు. మొన్న పొద్దున పాలపాకెట్ కోసం బయటికొస్తే, ఎదురింటి గేటు ముందు, సరిగ్గా ఆ సీసా కిందే, ఒక ఎర్రకుక్క నాలుగు కాళ్ళూ చాపి హాయిగా నిద్రపోతోంది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎల్లారెడ్డి అవ్వ గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే ఆ కుక్కకు ఆమడ దూరంలో నిలబడి, "దానికి కండ్లు సరిగ కనవడతలేవు బిడ్డ" అని సీసానే వెనకేసుకొచ్చేది.

ఎల్లారెడ్డిలో మా అత్తగారింటికి నాలుగిళ్ళ అవతల ఆమె ఇల్లు. ఆమెకో పేరుండేది. అది బీడీ కార్డు మీదా ఓటరు కార్డు మీదా తప్ప ఇంకెక్కడా పనికొచ్చినట్టు నేను చూడలేదు. మా గల్లీలో పుట్టిన పిల్లల నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ ఆమె అవ్వే. తనకంటే పెద్దవాళ్ళు కూడా అవ్వా అనే పిలిచేవారు, ఆమె పలికేది.

మా గల్లీ నుంచి బస్టాండు రోడ్డు మీదికి రావాలంటే ఇంకో ఇరుకు గల్లీ దాటాలి. దాని నడుమ ఒక చికెన్ సెంటర్ ఉంది. ఆ చికెన్ సెంటర్ పారేసే తోళ్ళూ పేగులూ తిని కొన్ని కుక్కలు దున్నపోతుల్లా తయారయ్యాయి. పగలంతా షట్టరు ముందు పడి ఉంటాయి, ఎవరి జోలికీ పోవు. పొద్దున షట్టరు లేవబోయే ముందు మాత్రం ఆకలి మీదుంటాయి. అప్పుడు ఆ గల్లీ వాటి సొంతం. నడిచేవాళ్ళను చూసి మొరిగి ఊరుకుంటాయి గానీ సైకిల్ కనపడితే చాలు, ఏ జన్మ పగో మరి, చక్రాన్ని పట్టుకుని వెంటబడతాయి. ఆ గల్లీలో సైకిల్ మీంచి పడని మగాడు మా వైపు లేడు. పడ్డానని ఒప్పుకున్న మగాడూ లేడు.

అవ్వ చేసిన బీడీలు ఒప్పజెప్పే కార్ఖానా ఆ గల్లీ అవతల ఉంది. ఆమెకు కుక్కలంటే భయం. మామూలు భయం కాదు. మొరుగుడు వినపడితే ఎక్కడున్నదక్కడే గోడకు అతుక్కుపోయేది. చుట్టూ తిరిగి పోయే దారి ఇంకోటుంది కదా, అటు పోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. అటు వేరే కుక్కలుంటాయట. తెలిసిన కుక్కలు నయమట.

అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున్నే చంకలో బీడీ కట్టల చాట, దాని మీద తడిగుడ్డ, కుడిచేతిలో నీలం నీళ్ళ సీసా పట్టుకుని గల్లీ మొదట్లో కరెంటు స్తంభాన్ని ఆనుకుని నిలబడేది. ఎవరొస్తే వాళ్ళే ఆ రోజుకు ఆమెకు తోడు. పాలాయన కావచ్చు, మసీదు నుంచి వస్తున్న ముసలి సాయిబు కావచ్చు, బడికి పోయే పంతులమ్మ కావచ్చు. "జెర తోడు రా" అనేది. అది బతిమాలినట్టూ ఉండదు, హుకుం చేసినట్టూ ఉండదు. కాదని పోయినవాళ్ళు లేరు.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో బస్టాండు దగ్గర ఒక చిన్న గది అద్దెకు తీసుకుని కుట్టు మిషన్ పెట్టాను. మా పుట్టింటి సైకిల్ ఒకటి తెచ్చుకున్నాను. కోడలు సైకిల్ తొక్కడమేమిటని గల్లీలో ఇద్దరు ముగ్గురు బుగ్గలు నొక్కుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున అవ్వ నా చక్రానికి అడ్డంగా వచ్చి చెయ్యెత్తింది. ఈమె కూడా బుద్ధి చెప్పబోతోందనుకుని మొహం ముడుచుకున్నాను.

"దిగు," అన్నది.

"ఎందుకవ్వా?"

"చక్రం తిరుగుతే వాటికి తిక్క లేస్తది. దిగి నడుస్తే, పోనీ పాపం మనిషే అనుకుంటయి. దిగు, నాకు గూడ తోడైతవు."

దిగాను. సైకిల్ కుక్కల వైపు, మనం గోడ వైపు ఉండాలని ఆమె నియమం. నేను హాండిల్ పట్టుకుని నడిపిస్తుంటే ఆమె నాకూ గోడకూ మధ్యలో దూరి నడిచేది. ఇక ఆ గల్లీ దాటేదాకా నోరు మూసేది కాదు. నిన్నటి కూరలో ఉప్పెక్కువైన సంగతి నుంచి జుక్కల్‌లో ఇచ్చిన కూతురు సంగతి దాకా గొంతెత్తి చెప్పేది. అక్కడి సంతలో సగంమంది మరాఠీలో బేరమాడతారట, తన కూతురు ఇప్పుడు వంకాయలు మరాఠీలోనే కొంటుందట. "మనిషి వస్తున్నడని వాటికి ముందే తెల్వాలె. మెల్లగ పోతే దొంగలనుకుంటయి" అనేది. అసలు సంగతి అది కాదని నాకు తెలుసు. ఊరుకుంటే తన గుండె చప్పుడు తనకే వినపడుతుందని ఆమె భయం.

గల్లీ అయిపోయి రోడ్డు రాగానే మాట ఎక్కడుంటే అక్కడ ఆపేసేది. చెయ్యి చాపి నా సైకిల్ బెల్ ఒక్కసారి నొక్కేది. అది మోగగానే ఆమె మొహంలో చిన్నపిల్లల సంబరం కనపడేది. "ఇగ ఎక్కు. భయం లేదు" అని కార్ఖానా వైపు తిరిగేది. ఆగిపోయిన కథ మళ్ళీ మర్నాడు పొద్దున స్తంభం దగ్గర మొదలయ్యేది. ఎవరో మేనత్త మనవడి పెళ్ళి ఆగిపోయి మళ్ళీ ఎలా కుదిరిందో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. మా స్నేహం పొడుగు ఆ గల్లీ పొడుగంతే. అయినా అత్తగారి ఊళ్ళో నాకు దొరికిన మొదటి మనిషి ఆమె.

కుక్కల దగ్గర అంత పిరికిదైనా, మనుషుల దగ్గర ఎవరినీ లెక్కచేసేది కాదు. కార్ఖానాలో సరుకు చూసి తీసుకునే టేకేదారు బీడీలు పొట్టిగా ఉన్నాయని, మూతి సరిగా మడవలేదని పక్కన పడేస్తే, ఒక్కొక్కటే చేతిలోకి తీసి అతని ముక్కు దగ్గర పెట్టి "గిదేం పొట్టి? నీ చూపు పొట్టి" అనేదట. మిగతా ఆడవాళ్ళంతా ఆమె వరుస వచ్చేదాకా ఆగి అప్పుడు తమ బీడీలు పెట్టేవారు.

ఓట్లప్పుడు మా వార్డుకు నిలబడ్డ ఒకాయన దండం పెట్టుకుంటూ పొద్దున్నే వచ్చాడు. వెంట పాతికమంది, ముందు డప్పు. అవ్వ స్తంభం దగ్గరే ఉంది. ఓటు సంగతి తర్వాత, ముందు గీ గల్లీ దాటించమన్నది. ఆయన నవ్వి, కాదంటే బాగుండదని ఆమె చాట తనే పట్టుకుని నడిచాడు. పాతికమందీ వెనకాలే. ఆ డప్పుకు కుక్కలు లేచి మొరిగాయి గానీ అంతమందిని చూసి దగ్గరికి రాలేదు. ఆ రోజు ఆమెకు దొరికినంత తోడు ఇంకెన్నడూ దొరకలేదు. ఆయన గెలిచాడో ఓడాడో నాకు గుర్తులేదు గానీ, "పాపం మంచోడు, సగం దూరం వచ్చినంక ఆయన గూడ నా దిక్కే జరిగిండు" అని ఆమె ఏడాది పాటు చెప్పుకుంది.

ఎవరో వచ్చి వల వేసి ఆ కుక్కల్ని పట్టుకుపోయి, ఆపరేషన్ చేసి, గుర్తుకు చెవి చివర కొంచెం కత్తిరించి మళ్ళీ అక్కడే వదిలినప్పుడు కూడా అవ్వకు నచ్చలేదు. "చెవులు కోస్తే పండ్లు పోతయా?" అని ఆమె ప్రశ్న. ఆ సంగతిలో మాత్రం ఆమెకు సర్ది చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

ఇక ఆ సీసా. మా గల్లీలో నీలం సీసాలు గుమ్మాలకు ఉండేవి. ఆమె ఒక్కతే దాన్ని చేతిలో పట్టుకుని తిరిగేది. ఇల్లు కదలదు కాబట్టి సీసా గుమ్మానికి కడతారు, నేను కదులుతాను కాబట్టి నా వెంట ఉండాలి అని ఆమె లెక్క. నీలం రంగు వెలిసిపోతే వెంటనే మార్చేది. కుక్కలు ఆ సీసాను చూసి ఒక్కనాడైనా వెనక్కి తగ్గినట్టు నేను చూడలేదు. ఒకటైతే మా ఇంటి ముందు సీసా మీదే కాలెత్తింది. ఆ మాట చెప్పి నేను నవ్వితే అవ్వ నవ్వలేదు. "నవ్వు. నవ్వేటోళ్ళ పండ్లే ఎండుతయి" అని మాత్రం అన్నది.

ఒక పెళ్ళిళ్ళ కాలంలో, పొద్దున్నే జాకెట్లు ఇవ్వాల్సి ఉండి నేను కొంచెం ముందే బయల్దేరాను. స్తంభం దగ్గర అవ్వ లేదు. ఇంకా రాలేదేమో అనుకున్నాను గానీ, ఆమె అప్పటికే పాలాయన తోడుతో గల్లీ దాటి అవతలి కొసకు చేరిందట. ఆమె లేదు కాబట్టి దిగడం గుర్తురాలేదు. తొందరలో తొక్కుకుంటూ పోయాను. చికెన్ సెంటర్ దగ్గరికి వచ్చేసరికి అవి లేచాయి. దిగుదామనుకునేలోపు వెంటబడ్డాయి. భయంతో ఇంకా గట్టిగా తొక్కాను. ఎంత గట్టిగా తొక్కితే అంత దగ్గరికొచ్చాయి. ముందు చక్రం మోరీ కాలువ అంచున జారి నేనొక వైపు, సైకిలొక వైపు పడ్డాం. పిక్కలో నిప్పు పెట్టినట్టయింది. చూస్తే ఒక తెల్లకుక్క పిక్కను పట్టుకునే ఉంది, వదలడం లేదు.

నా అరుపు విని పాలాయన వెనక్కి తిరిగేలోపే అవ్వ వస్తోంది. ఒంటరిగా వస్తోంది. తోడు లేనిదే ఆ గల్లీలో అడుగు పెట్టని మనిషి, చాట ఎక్కడ పడేసిందో ఏమో, కొంగు జారిపోయి, చేతిలో ఆ సీసా ఎత్తిపట్టుకుని, నోట మాట లేకుండా పరిగెత్తుకొస్తోంది. పక్కకొచ్చి సీసాను బలమంతా పెట్టి తెల్లదాని మీదికి విసిరింది. అది వీపు మీద పడి మూత ఊడిపోయి నీలం నీళ్ళన్నీ దాని ఒళ్ళంతా పారాయి. కుయ్యోమని అరిచి పరిగెత్తింది. దాని వెంట మిగతావీ పోయాయి.

నన్ను లేపి చికెన్ సెంటర్ నల్లా కింద కూర్చోబెట్టింది. షట్టరు తీస్తున్నాయన దగ్గర సబ్బు అడిగి తీసుకుని పిక్క కడగడం మొదలుపెట్టింది. ఎంతకూ ఆపదు. చాలవ్వా అంటే "చాలదు" అంటుంది. నీళ్ళు, సబ్బు, మళ్ళీ నీళ్ళు. నేను నొప్పికి ఏడుస్తున్నా వినదు. గల్లీ పొడుగునా ఆమె బీడీలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పాలాయన వాటిని ఏరుతుంటే, "ఇడిసిపెట్టు బిడ్డ, ముందు ఆటో సూడు" అన్నది.

ఆటో ముందు ఇంటికే వచ్చింది. మా అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. నా కాలు చూసి గొల్లుమంది. గాయంలో కారం అద్దుతానని వంటింట్లోంచి డబ్బా తెచ్చింది. నాగిరెడ్డిపేట దిక్కు పసరు పోసే మనిషి ఉన్నాడని, తనకు చిన్నప్పుడు కుక్క కరిస్తే ఆ ఇంటివాళ్ళే పసరు పోశారని, సూదులకు పోతే ఒళ్ళు ఉబ్బుతుందని చెప్పింది. మా ఆయన లింగంపేటలో పని మీదున్నాడు, ఫోన్ కలవలేదు. నాకు ఏం చేయాలో తోచలేదు. పసరు సులువు, సూదులు భయం. సరే అందామనే అనుకున్నాను.

అవ్వ గడపలో కూర్చుంది. దారికి అడ్డంగా కూర్చుందని నాకు తర్వాత అర్థమైంది. అత్తమ్మ వైపు తిరిగింది గానీ గొంతు పెంచలేదు.

"నిన్ను కరిసింది మంచి కుక్క వదినా. గందుకే నువ్వు బతికినవ్, పసరుకు పేరొచ్చింది," అన్నది. "నా తమ్ముణ్ణి కరిసింది మంచిది కాదు. వానికి గూడ పసరే పోసినం. పత్యం బెట్టినం. కాలు మానింది, ఆడుకున్నడు. మేమంత మర్సిపోయినం. ఒకనాడు దూపయితుంది అక్కా, నీళ్ళియ్యి అన్నడు. నేనే ముంత తెచ్చిన. ముంతను సూసి మొకం తిప్పిండు. దూపయితుందంటడు, నీళ్ళు సూసి ఒణుకుతడు. దూపతోనే పోయిండు."

 అత్తమ్మ చేతిలో కారం డబ్బా అలాగే ఉంది. ఆమె దాన్ని కింద పెట్టి లోపలికి పోయి, నా చీర ఒకటీ దుప్పటి ఒకటీ సంచిలో సర్దింది. ఆటో ఇంకా బయటే ఉంది. అవ్వ నాకంటే ముందు ఎక్కి కూర్చుంది.

ఎల్లారెడ్డి దవాఖానలో మొదటి సూది వేశారు. గాయం లోతుగా ఉంది, గాయంలో కూడా వేయాల్సిన మందుంటుందని కామారెడ్డికి పంపారు. అక్కడికీ వచ్చింది. ఆ తర్వాత సూదులన్నీ అయ్యేదాకా, చెప్పిన తారీఖు తప్పకుండా, ప్రతిసారీ వచ్చింది. మా ఆయన నేను తీసుకుపోతానంటే కూడా వినలేదు. "నువ్వు మొగోనివి, పనిల బడి మర్సిపోతవు" అని అతన్నీ వెంటబెట్టుకొచ్చింది. తునికాకు ముందే కత్తిరించుకుని, తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చుకునేది. దవాఖాన బెంచీ మీద నేను వరుస కోసం చూస్తుంటే పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. వాచ్‌మెన్ వచ్చి ఇక్కడ బీడీలేంటని గద్దిస్తే, "తాగుతలేను బిడ్డ, చేస్తున్న" అని జవాబిచ్చింది. అతను ఆమె ఒళ్ళోని ఆకు చూసి వెళ్ళిపోయాడు.

పసరు వద్దన్న మనిషే పత్యం మాత్రం వదల్లేదు. నర్సమ్మ అన్నీ తినొచ్చని చెప్పింది. అవ్వ మాత్రం నాకు వంకాయ బందు, కోడి బందు, చింతపండు బందు చేసింది. నర్సమ్మ చెప్పింది కదా అంటే, "ఆమె చెప్తది. ఆమెను కరిసిందా?" అన్నది.

కరిచిన కుక్కను ఓ పది రోజులు కనిపెట్టి చూడమని, అది చచ్చిపోతే వెంటనే వచ్చి చెప్పమని డాక్టర్ అన్నాడు. ఆ కుక్కల్లో తెల్లవి రెండు మూడున్నా, కరిచింది ఏదో ఎవరినీ అడగాల్సిన పని లేదు. దాని వీపు మీద నీలం మరక అలాగే ఉంది. ఆ పది రోజులూ అవ్వను చూడాలి. జీవితంలో కుక్క ఉన్న వైపు తల తిప్పని మనిషి, స్తంభం చాటున నిలబడి మెడ సాచి దాన్ని వెతికేది. చికెన్ సెంటర్ ఆయనను దూరం నుంచే కేకేసి, "నీలిది తిన్నదా? నీళ్ళు తాగిందా?" అని అడిగేది. ముఖ్యంగా నీళ్ళ సంగతే అడిగేది. ఆయన తాగిందవ్వా అంటే, "జెర దానికి ఇంకో బుక్కెడు ఎక్కువెయ్యి, సల్లగుండాలె అది" అనేది. మా పోచమ్మ గుడిలో ఆ కుక్క పేరు మీద కొబ్బరికాయ కొట్టిందని తర్వాత తెలిసింది. కుక్కకు బతుకు మొక్కిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. అది బతికింది, నేనూ బతికాను.

ఆఖరి సూది అయిపోయి బస్సులో ఎల్లారెడ్డికి వస్తున్నప్పుడు ఆ సీసా మాట నేనే ఎత్తాను. పడేసిన సీసా బదులు ఆమె అప్పటికే కొత్తది తయారు చేసుకుంది. అది ఆమె ఒళ్ళోనే ఉంది. కుక్క మీద విసిరితే పని చేసింది నిజమే, చూపిస్తే ఎన్నడన్నా పని చేసిందా, నిజం చెప్పు అని అడిగాను. ఆమె సీసా మూత ఇంకొంచెం బిగించింది.

"నా తమ్ముడు ఎవ్వలికి భయపడేటోడు కాదు బిడ్డ. పామును గూడ తోకబట్టి ఇసిరేసేటోడు. గసొంటోడు నీళ్ళకు భయపడ్డడు," అన్నది. "వానికి గా భయం ఎక్కడి నుంచి వచ్చింది? కుక్క నుంచే గద. అంటే కుక్కల గూడ నీళ్ళ భయం ఉండాలె గద. గట్లనుకున్న."

 గల్లీ అంతా ఎవరో చెప్పారని సీసాలు కట్టుకుంది. ఆమె ఒక్కతే తమ్ముడి చావులోంచి లెక్క తీసి సీసా పట్టుకుంది. ఆ లెక్క తప్పు. తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. ఒళ్ళో ఉన్న సీసా తీసుకుని, రంగు కొంచెం వెలిసింది అవ్వా, ఇంటికి పోగానే ఇంకో రెండు చుక్కలు వెయ్యి అన్నాను. "ఏస్త" అన్నది.

ఆ తర్వాత కూడా నేను సైకిల్ మానలేదు. మానితే ఆమెకు తోడెవరు? రోజూ స్తంభం దగ్గర దిగేదాన్ని. ఒకసారి నడుస్తూ నడుస్తూ ఆమె హఠాత్తుగా నవ్వింది. ఎందుకని అడిగితే, తను పోయాక పాడెను కూడా ఈ గల్లీలోంచే తీసుకుపోతారు కదా, వైకుంఠధామానికి పాడెలు పోయే తోవ ఇదొక్కటే కదా అన్నది.

"డప్పుల సప్పుడుకు ఇవి లేసి మొరుగుతయి. నేను పండుకోని ఉంట, ఉరకరాదు. ఎవలన్న జెర తోడుండాలె బిడ్డ."

నేనుంటానన్నాను. అలాంటి మాటలకు అందరం అనే జవాబే అది. అవ్వ బెల్ కొట్టి, ఇగ ఎక్కు అన్నది.

మా ఆయనకు కామారెడ్డిలో పని కుదిరి మేము అక్కడికి మారిపోయాం. సైకిల్ అత్తగారింట్లోనే గోడకు ఆనించి వచ్చాను. బయల్దేరిన రోజు అవ్వ బస్టాండు దాకా వచ్చింది. ఏడవలేదు. అక్కడ కుక్కలున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. "దిగి నడువు" అన్నది. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది. ఆమె తిరిగి ఆ గల్లీ ఎవరి తోడుతో దాటిందో నాకు తెలియదు. చాలా రోజులు ఆ సంగతే మనసులో మెదిలింది.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున అత్తమ్మ ఫోన్ చేసింది. ఏళ్ళ తరబడి బీడీల తంబాకు దుమ్ము పీల్చిన అవ్వ, రాత్రి ఆయాసం ఎక్కువై నిద్రలోనే పోయిందట. మేము మొదటి బస్సుకే పోయాం. జుక్కల్ నుంచి కూతురూ అల్లుడూ అప్పటికే వచ్చారు. అవ్వను బయట పడుకోబెట్టారు. బీడీలు చుట్టీ చుట్టీ పసుపుగా మారిన వేళ్ళు కడిగినా పోలేదు. ఆ వేళ్ళు చూసి ఏడ్చాను. నా కాలు కడిగిన వేళ్ళవి.

పాడె లేపేటప్పుడు నేను అత్తగారింటికి పోయి గోడకున్న సైకిల్ తీశాను. రెండు చక్రాల్లోనూ గాలి లేదు. ఇప్పుడు సైకిల్ ఎందుకే అని అత్తమ్మ అడగబోయి, నా మొహం చూసి ఊరుకుంది. తర్వాత తనే వచ్చి వెనక సీటు మీద చెయ్యేసి తోయడం మొదలుపెట్టింది.

గల్లీ మొదట్లో స్తంభం దాటగానే డప్పుల చప్పుడుకు కుక్కలు లేచాయి. ఆమె చెప్పినట్టే లేచాయి. మొరుగుతూ దగ్గరికొచ్చాయి. పాడె మోసేవాళ్ళు ఒకరి భుజానికి ఒకరు దగ్గరగా జరిగారు. నేను సైకిల్‌ను కుక్కల వైపు పెట్టి పాడె పక్కనే నడిచాను. ఆమె గోడ వైపు ఉండేలా చూసుకున్నాను. ఏమన్నా మాట్లాడాలనిపించింది, ఎందుకంటే ఆ గల్లీలో మేమెప్పుడూ ఊరికే నడవలేదు. ఏం మాట్లాడాలో తోచక, కామారెడ్డిలో మా ఇంటి సంగతి, నిన్న చేసిన కూర సంగతి మెల్లగా చెప్పుకుంటూ నడిచాను. చికెన్ సెంటర్ ఆయన షట్టరు సగం దింపి చేతులు జోడించి నిలబడ్డాడు. కుక్కలు మా వెంట కొంత దూరం వచ్చి ఆగిపోయాయి.

గల్లీ దాటి రోడ్డు మీదికి రాగానే దింపుడుకళ్లానికి పాడెను కింద దించారు. అక్కడ పోయిన మనిషిని చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే పలుకుతుందని. అల్లుడు వంగి పిలిచాడు. కూతురు పిలిచింది. ఆమె పలకలేదు. మళ్ళీ పాడె ఎత్తబోతుంటే నేను ఒక్క నిమిషం ఆగమన్నాను.

సైకిల్ ఆమె తల దగ్గరికి తీసుకుపోయి బెల్ ఒక్కసారి నొక్కాను. తుప్పు పట్టినా మోగింది.

"గల్లీ దాటినం అవ్వా," అన్నాను. "ఇగ భయం లేదు."